గుబిలి

పంజా సెంటర్లో మా నాన్న మైకుసెట్టు కొట్టు పైన
ఎనిమిదడుగుల గది.
గోడలకి పాత పరుపులు మేకులేసి కొట్టాను.
రోహిణి కార్తె. రాత్రి ఒకటిన్నర.
పని మొదలెట్టాలంటే ముందు ఫ్యాను ఆపాలి.

ఒసాకా నుంచి తపాలాలో వచ్చిన టేపు చక్రం.
అట్టపెట్టె మీద రాసిందేమిటో నాకు చదవటం రాదు.
పంపినాయన ఇంగ్లీషులో రెండు ముక్కలు రాశాడు:
ఇందులో ఒకామె చెవి శుభ్రం చేస్తుంది, అంతే.
నలభై నిమిషాలు.

నవ్వకండి.
చెవులున్న ఒక బొమ్మతల, ఆ చెవుల్లో రెండు మైకులు,
వెదురుపుల్లతో ఆమె మెల్లగా గీకుతుంటే
వినేవాడి చెవిలో గీకినట్టే ఉంటుంది.
దీన్ని కొనుక్కుని, దాచుకుని,
నిద్రపట్టని రాత్రుల్లో వినే మనుషులు కొద్దిమంది ఉన్నారట.
నాకు వింతనిపించలేదు.
కాళేశ్వరరావు మార్కెట్టు మెట్ల మీద
కాశింపీరా ఉండేవాడు,
తలపాగాలో ఇనపపుల్ల, చంకలో దూది సంచి.
హమాలీలు ఒకరి తర్వాత ఒకరు
ఆయన మోకాలి మీద తల పెట్టి కళ్ళు మూసుకునేవాళ్ళు.
మూటలు మోసే మెడలు అలా వాలిపోవటం
నేను ఇంకెక్కడా చూడలేదు.
పని అయ్యాక గుబిలిని గోటి మీద పెట్టి చూపించేవాడు,
"చూస్కో, ఇన్నాళ్ళూ నీ చెవిలో కాపురం ఉన్నది ఇదే" అని.

నాదీ అదే పని.

మొదట టేపుని సన్నసెగలో ఉంచాను
ఒక పగలంతా, పట్టిన తేమ వదిలేదాకా.
హెడ్డు స్క్రూ పావుచుట్టు తిప్పితే
ఆమె గొంతు మీద కప్పిన గోనె జారింది.
తర్వాత హమ్ము. అరవై సైకిళ్ళది.
మన కరెంటు యాభై దగ్గర మూలుగుతుంది, ఆ కొసన వాళ్ళది అరవై దగ్గర;
ఎవరి తీగ ఏడుపు వాళ్ళది.
తీసేశాను.
బుస తీశాను. ఎంత తీశానంటే ఊపిరి కూడా పోయింది,
ఆమె చచ్చిపోయి చెవి గీకుతున్నట్టుంది.
వెనక్కొచ్చాను. సగం బుస వదిలాను.
ఊపిరొచ్చింది.

ఇక తెరమీద, పైన, బాగా పైన
ఒక గీత. పదిహేను వేలు దాటిన చోట,
దువ్విన పాపిడిలా తిన్నగా, మొదటి నుంచి చివరిదాకా.
నాకు వినపడదు.
పదేళ్ళప్పటి నుంచీ నాన్న కట్టిన హారన్ల కింద కూర్చున్న చెవులు నావి,
పన్నెండు వేల పైన నాకంతా అమావాస్యే.
యంత్రం తప్పనుకుని చెరిపేశాను.

తెల్లారి టీ పట్టుకొచ్చాడు యాకోబు,
పధ్నాలుగేళ్ళు, వేసవి సెలవులు.
హెడ్‌ఫోన్లు అడిగి మరీ పెట్టుకున్నాడు.
పాతదీ కొత్తదీ రెండూ వినిపించాను.
"ముందుదాన్లో సూదిలాగా సన్నగా ఒకటుందక్కా.
ఇందులో లేదు. గది ఖాళీ అయిపోయింది."

సూది.
గ్లాసు చేతిలో ఉండగానే తట్టింది.
పాత డబ్బా టీవీ. పిక్చర్‌ట్యూబు ఈల.
మా ఇంట్లో టీవీ పెట్టారని
వీధి మలుపులోనే నాకు తెలిసిపోయేది, ఒకప్పుడు.

అయితే మాటల్లేవు, పాటల్లేవు, ఈల ఒక్కటే.
అంటే పక్కగదిలో ఎవరో
సౌండు పూర్తిగా తగ్గించుకుని
నలభై నిమిషాలు ఉత్త బొమ్మలు చూస్తూ కూర్చున్నారు,
ఆమె పని చెడకుండా.
మొగుడో, అత్తగారో, స్కూలు నుంచి వచ్చిన పిల్లో.
పెట్టె మీద పేర్లలో ఆ మనిషి పేరు ఉండి ఉండదు.

గీతని తిరిగి పెట్టాను.
సరిగ్గా పడిందో లేదో యాకోబుని అడగాల్సి వచ్చింది.

పంపేది రెండు ఫైళ్ళుగా కట్టాను:
ఒకటి శుభ్రం చేసింది,
రెండోది నేను తీసినదంతా, హమ్మూ, చిటపటలూ, సగం బుసా,
గోటి మీద పెట్టినట్టు.

యాకోబు ఇంకా దించలేదు హెడ్‌ఫోన్లు.
మెడ ఓ పక్కకి వాలింది.
కింద ఎవరో షట్టరు కొడుతున్నారు,
టీ డబ్బులు ఇవ్వనేలేదు,
నా జాకెట్టు వీపంతా తడి.
ఫ్యాను స్విచ్చి దాకా వెళ్ళి
ఆగాను.